సుముఖ చూసిన ముగ్గు

మా మేడ మీద అద్దెకుండే సుముఖ రోజూ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసే మా కోడళ్లను చూస్తూ నిలబడతాడని మల్లేశ్వరంలో మా వీధి వీధంతా కోడై కూసింది. నిలబడటం నిజమే, మిగతాదంతా అబద్ధం. మనిషి చీపురుపుల్లలా ఉంటాడు, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటాడు. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పెదవులు ఏదో గొణుగుతూనే ఉంటాయి. టీకాలు వేసే నర్సమ్మల కోసం ఫోన్లో యాప్ తయారుచేయడం అతని పని. ఒకపక్క నర్సమ్మ పిల్లల పేర్లు రాస్తుంటే, ఇంకోపక్క ఆఫీసు నుంచి వచ్చిన మార్పులు అదే జాబితాలో కలుస్తాయట. ఎప్పుడో ఒకసారి ఒక బిడ్డ పేరు మాయమవుతుంది. ఎందుకో పట్టుకుందామని కాపు కాస్తే ఆ రోజు ఏమీ జరగదు. నిన్న ఎదురింటి పుట్టతాయమ్మ, “వాణ్ణి ఖాళీ చేయించక్కా, పోయేది నీ పరువే” అనేసరికి ఇక ఆగలేక ఈ పొద్దున మెట్ల దగ్గరే అతన్ని నిలబెట్టాను.

“రోజూ ఏం చూస్తావు నాయనా? నిజం చెప్పు.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. వాకిట్లో ముగ్గు వైపు చూపించాడు. నన్ను కన్నడంలో ‘అజ్జీ’, అంటే అవ్వా, అని పిలుస్తాడు.

“చేతులు, అజ్జీ. పెద్దవదిన గీస్తున్న చోట చిన్నవదిన చెయ్యి పెట్టదు. ‘అక్కా, మూలన ఒక చుక్క తప్పింది’ అని చెప్పి ఊరుకుంటుంది. పెద్దవదినే పెట్టుకుంటుంది. నా యాప్‌లో రెండు చేతులూ ఒకే చుక్క మీద పడి చెరిపేసేవి. మొన్న వీళ్ల పద్ధతిలో, ఆఫీసు చెప్పి ఊరుకునేలా, నర్సమ్మే రాసుకునేలా మార్చాను, అప్పటినుంచి ఒక్క పేరూ పోలేదు. వదినలిద్దరికీ దండం పెట్టి వెళదామనే దిగాను, మీరే మెట్లకు అడ్డం నిలబడ్డారు.”