బోర్లించిన సీసాలు

మా ఇంట్లో ‘బోర్లించడం’ అనే మాట వినబడేది కాదు. తోమిన గిన్నెను మా అమ్మ గోడకు వాల్చేది. గ్లాసును పక్కకు పడుకోబెట్టేది. నాన్న తన చిన్న పడవ, డింగీ, వేసుకుని సముద్రం మీద ఉన్న వేళ ఇంట్లో ఏ పాత్ర మూతి నేలకు ఆనినా అక్కడ పడవకు అదే గతి పడుతుందని శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు మావాళ్లు వెంట తెచ్చుకున్న నమ్మకం. ఈ సంగతి నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. నడక నేర్చుకున్నట్టే నా చేతులు దాన్ని నేర్చుకున్నాయి.

మా కుటుంబంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటిదాన్ని నేను. ఉపాధ్యాయ ఉద్యోగపు ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ వండూర్‌లో మా ఇంట్లో ఉన్న రోజుల్లో, పండ్లు నిల్వచేయడం నేర్పే తరగతులకు పోర్ట్ బ్లెయిర్ వెళ్లివచ్చేదాన్ని. అక్కడ బోధన అంతా హిందీలోనే సాగేది. మరిగే జామ్‌ను వేడి సీసాలో పోసి, మెడ దగ్గర కాస్త ఖాళీ వదిలి, మూత బిగించి, “ఉల్టా రఖ్ దో” అన్నారు నేర్పినావిడ. ఆ వేడికి మూత లోపలివైపు కూడా శుభ్రపడి గట్టిగా పట్టుకుంటుందట. నేను శ్రద్ధగా విన్నాను. నా మనసులో ఏ అభ్యంతరమూ కలగలేదు.

ఆ ఏడు మా పెరటి జామచెట్టు విరగకాసింది. నేను జామ్ వండిన రోజున నాన్న చీకటి ఉండగానే ఒంటరిగా వేటకు వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా తిరిగిరావడం ఆయన అలవాటు. పండ్లు ఉడకబెట్టి, గింజలు పోయేలా గుడ్డలో వడకట్టి, పంచదారా నిమ్మరసమూ కలిపి పొయ్యి మీద తిప్పుతుంటే, వాసనకు రాంచీ నుంచి వచ్చి స్థిరపడ్డ పక్కింటి దీదీ కంచె దగ్గరకు వచ్చింది.

“క్యా బన్ రహా హై, మాస్టర్నీ?”

నేను నోరు తెరవకముందే అమ్మ అందుకుంది. “జామ్ అంట దీదీ. జామపండుతో సేసినాది కదా, జామే అవుతాది. సేపతో సేస్తే ఏటవుతాదో ఈ సదువుకున్న గుంటనే అడగాల.”

దీదీకి సగమే అర్థమైనా పగలబడి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఆ రోజు అమ్మ నవ్వడం అదే ఆఖరు.

ఆ వేళ గాలి పూర్తిగా స్తంభించింది. కొబ్బరాకు కదలలేదు. పొయ్యి పొగ పెరడు దాటి పోలేక మా నెత్తిమీదే నిలిచిపోయింది. మధ్యాహ్నం గడిచింది. అమ్మ ఒడ్డుకు వెళ్లి చూసి వచ్చింది. కాసేపటికి మళ్లీ వెళ్లింది. “నీల్లు నూనెలాగున్నాయే. ఒక్క పడవా అవుపడ్డం నేదు,” అంది తిరిగివచ్చి. గుమ్మంలో అడుగుపెట్టి అక్కడే ఆగిపోయింది.

చెక్కబల్ల మీద సీసాలన్నీ వరసగా తలకిందులుగా నిలబడి ఉన్నాయి.

“ఏటే ఇది?”

“మూత బిగుసుకోవడానికమ్మా. ఉల్టా పెట్టమన్నారు.”

“ఉల్టా అంటే?”

చెప్పబోయాను. తెలుగు మాట నాలుక దాకా వచ్చి ఆగింది. నేర్పినావిడ ఆ మాటే అని ఉంటే నా చేతులు అక్కడే ఆగిపోయేవి. అది హిందీలో వచ్చింది కనుక నా చేతులు దాన్ని గుర్తుపట్టలేదు.

అమ్మ నన్ను తిట్టలేదు. బల్ల ముందు కూర్చుని, చీర కొంగుతో ఒక సీసాను పట్టుకుని, ముందు పక్కకు వాల్చి కాసేపు అలాగే ఉంచింది. తరవాత కొద్దికొద్దిగా లేపింది. లోపలి ఎర్రని ముద్ద అయిష్టంగా జారింది. చిన్న గాలిబుడగ ఒకటి దానిగుండా పైకి పాకింది.

“వేగం లేపమ్మా, చేయి కాలుతుంది,” అన్నాను.

“ఒకేపాలి లేపకూడదు. మడిసి జారిపోతాడు.”

ఆమె సీసాతో మాట్లాడుతున్నదో నాతో మాట్లాడుతున్నదో తెలియలేదు. అన్నిటినీ అలాగే నిలబెట్టేవరకు నేను కదలకుండా చూస్తూ ఉండిపోయాను.

సీసాలు చల్లారుతుంటే మూతలు ఒక్కొక్కటే లోపలికి లాక్కుని టక్కుమన్నాయి. అలా జరుగుతుందని తరగతిలో చెప్పారు. అయినా ఆ చప్పుడైన ప్రతిసారీ అమ్మ గుమ్మం వైపు తిరిగేది. తలుపు తెరిచే ఉంది. అక్కడ ఎవరూ లేరు.

పొద్దువాలుతుండగా నాన్న వచ్చాడు. ఒళ్లంతా తడిసి ఉంది. భుజాన వల లేదు. మంచినీళ్లు అడగలేదు. గుమ్మం బయటే నిలబడి అడిగాడు:

“ఇంట్లో ఎవులైనా ఏటైనా బోర్లించినారా?”

ఆ మాట మా ఇంట్లో పలకగా నేను వినడం అదే మొదటిసారి.

“నేదు,” అంది అమ్మ.

నాన్న బల్ల మీది సీసాలను చూశాడు. అన్నీ నిటారుగా ఉన్నాయి. మరేమీ అడగకుండా స్నానానికి వెళ్లాడు. సముద్రంలో ఏమైందని ఆ రాత్రి మేమిద్దరమూ అడగలేదు.

మర్నాడు ఉదయం గంజి తాగడానికి కూర్చున్నప్పుడు ఆయన ఒక సీసాను తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. సగం గట్టిపడ్డాక వాల్చి లేపడం వల్ల జామ్ సమంగా పేరుకోలేదు. పైభాగం ఒకవైపుకు ఏటవాలుగా నిలిచిపోయింది. నాన్న ఆ వాలు గీత వెంట గాజు మీద గోటిని నెమ్మదిగా నడిపాడు.

“ఇంతే ఒంగినాది డింగీ,” అన్నాడు. “గాలి నేదు, కెరటం నేదు. ఒంగి, అలాగే ఉండిపోనాది. అంచట్టుకుని ఏలాడినాను. ఆనక ఎవులో నిదానంగా లేపినట్టు లేసినాది.”

పొయ్యి దగ్గర అమ్మ గరిటె ఆగింది. ఆమె ఇటు తిరగలేదు.

“గంజి సల్లారిపోతాది. తాగు,” అంది.

నాన్న సీసాను కింద పెట్టబోయి, మట్టినేల మీద సమంగా ఉన్న చోటు కోసం అరచేత్తో తడిమి చూసి, అప్పుడు పెట్టాడు.