డ్రమ్ముకు దక్కని హారతి

మా బాపుకు భుజం పట్టేసి సమ్మెట ఎత్తలేకపోయాక ఇంట్లో కొలిమి ఆగిపోయింది. మరుసటేడు నేను చిట్యాల రోడ్డు పక్కన గ్యాసు వెల్డింగు షాపు పెట్టాను. అరవైల నాటి సంగతి. పట్నంలో పని నేర్చుకొచ్చిన పొగరు నాకు కొంచెం ఉండేది. కోపం అంతకంటే ఎక్కువే ఉండేది.

షాపు తెరిచిన రోజు జనమంతా సంబరంగా చూడడానికి వచ్చారు. మా అమ్మ ఒక్కతే మొహం ముడుచుకుంది. "సమ్మెట దెబ్బ లేకుంట ఇనుము యాడన్న అతుకుతదా?" అని నెల రోజులుగా ఒకటే పాట. బాపు పనిని నేను చిన్నచూపు చూశానని ఆమె బాధ. ఆమె సరేననకుండా షాపు నడపడానికి నాకూ మనసొప్పలేదు.

మొదటి బేరం ఒక రైతుది. బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే ఇనుప మోటబొక్కెన పగిలింది, మడి ఎండుతోంది, తొందరగా అతకమన్నాడు. డ్రమ్ములో కార్బైడు వేసి నీళ్లు వదిలాను. లోపల గ్యాసు పుడుతోంది. వెనక్కి తిరిగి చూద్దును కదా, అమ్మ వెలిగించిన కర్పూరం పళ్లెంతో నేరుగా డ్రమ్ము మీదికే వస్తోంది! కొత్త కొలిమికి హారతివ్వకుండా మా ఇంట్లో ఏనాడూ ఇనుము కాల్చలేదు మరి.

"ఆగమ్మా! గా డ్రమ్ము పేలితే అందరం పోతం!" అని గొంతు చించుకున్నాను.

"హారతికి పేలే దేవుడు ఏం దేవుడురా?" అని ఆమె పళ్లెంతో సహా రోడ్డు అవతలికి పోయి కూర్చుంది.

డ్రమ్ముకు దూరంగా జరిగి, కుడిచేత మంట చిమ్మే గొట్టం, ఎడమచేత అతుకు తీగ పట్టుకొని పనిలోకి దిగాను. తీగ కరిగి పగులులోకి జారుతుంటే రైతు నోరు తెరుచుకొని చూశాడు. చల్లారాక బొక్కెనను రాళ్ల మీదికెత్తి నిండా నీళ్లు పోశాం. అమ్మ ఎప్పుడు వచ్చిందో, అందరినీ తోసుకొని అతుకు కింద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. చెయ్యి తడి కాలేదు.

మళ్లీ కర్పూరం వెలిగించింది. "నీ డ్రమ్ము దిక్కు రాను తియ్. నువ్వే గిటు రా" అంది. కళ్లకున్న వెల్డింగు నల్లద్దాలైనా తియ్యనివ్వకుండా, పోయే లారీలవాళ్లు చూస్తుండగా, రోడ్డు మీద నిలబెట్టి నాకే హారతిచ్చింది. పెళ్లినాడు కూడా అంత సిగ్గుపడలేదు నేను.

బొట్టు పెడుతూ నా చెవి దగ్గరికి వంగింది. "మీ బాపు అతికిన బొక్కెన సుత మొదటి దినం జర కారేదిరా. ఆయనకు చెప్పకు."

బాపు బతికున్నన్నాళ్లూ చెప్పలేదు.