గురువులు టాక్సీకి ఇసక ట్యూనింగ్

ముందే చెప్పేస్తున్నాను, దెయ్యాలూ గాలులూ దిష్టులూ అంటే నాకు ఒళ్ళు మంట. నా షెడ్డుకి వచ్చిన బండికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి ఉంటే, ముందు అవి తెంపి అవతల పారేసి, ఆ తర్వాతే బానెట్ ఎత్తేవాణ్ణి. డ్రైవర్లు లబోదిబోమనేవారు. "దిష్టి కాదురా, నీ ప్లగ్గులు మసిబారాయి" అని కసిరేవాణ్ణి. నా భార్య నన్ను రాక్షసుడనేది. అననీ. ఇంజనంటే ఇనుము, పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. ఈ నాలుగూ కుదిరితే తిరుగుతుంది, కుదరకపోతే తిరగదు. అందులో అయిదోవాడికి పని లేదని నేను పదిమందితో వాదించేవాణ్ణి.

ఇది అరవైల చివర్లో జరిగింది. అప్పటికి నేను ఏడేళ్ళు మిలిటరీలో బండ్లు బాగుచేసి వచ్చి, పలాసలో రేకుల షెడ్డు పెట్టుకున్నాను. పక్కనే జీడిపప్పు కార్ఖానా. గింజలు కాల్చిన పొగ పొద్దస్తమానం మా మీదికే వచ్చేది.

ఇప్పటి కుర్రాళ్ళు కారులో కంప్యూటర్ చిప్పు మార్చి ఇంజను జోరు పెంచుతామంటున్నారు. పెంచనీ, సంతోషం. మా రోజుల్లో ఆ పనంతా చెవితోనూ స్క్రూడ్రైవరుతోనూ చేసేవాళ్ళం. కార్బరేటర్లో పెట్రోలు వచ్చే సన్నటి బెజ్జం ఉంటుంది, దాన్ని జెట్టంటాం. దాన్ని వెంట్రుకవాసి పెద్దది చేస్తే బండికి లాగే సత్తువ వస్తుంది. నిప్పురవ్వ పడే సమయాన్ని కాస్త ముందుకో వెనక్కో జరిపితే నడక మారిపోతుంది. టెక్కలి తారు రోడ్డు మీద తిరిగే బండికి ఒక రకంగా, ఉద్దానం ఇసక దారుల్లో తిరిగే బండికి ఇంకో రకంగా చేసేవాణ్ణి. ఇసక ట్యూనింగని డ్రైవర్లే పేరు పెట్టారు. దానికోసం ఇచ్ఛాపురం నుంచి కూడా వచ్చేవారు. గొప్పలనుకోకండి, ఉన్నమాట చెబుతున్నాను.

నాకో అలవాటుంది, అదీ చెప్పాలి. ఉద్దానంలో చేతిలోంచి ఏది జారినా ఇసక మింగేస్తుంది. ఒక నట్టు పడిందంటే సాయంత్రం దాకా జల్లెడ పట్టినా దొరకదు. అందుకని విప్పిన ముక్కని నేనెప్పుడూ నేల మీద పెట్టను. చిన్నదైతే చొక్కా జేబులో, మరీ చిన్నదైతే పెదాల మధ్య. మిలిటరీలో ఈ అలవాటుకి బోలెడు తిట్లు తిన్నాను. అయినా పోలేదు.

ఇక మా అప్ప సంగతి. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టిందీ, చెవి మెలేసి బడికి పంపిందీ ఆవిడే. అక్కుపల్లి అనే ఊరికి ఇచ్చారు. కొబ్బరీ జీడీ ఉన్న రైతులు. అప్పటికి రెండు కాన్పులు అయి, ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోసారి కడుపు పండినప్పుడు టెక్కలిలో ఉండే లేడీ డాక్టరు ఖచ్చితంగా చెప్పింది, ఇంట్లో కాన్పు పెట్టుకుంటే ఈసారి తల్లి కూడా దక్కదని. నెలలు నిండగానే తీసుకొచ్చెయ్యమంది. మా బావ ఇవాళా రేపూ అంటూ జాప్యం చేశాడు.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి బావ సైకిలు తొక్కుకుంటూ షెడ్డుకి వచ్చి పడ్డాడు. మంచినీళ్ళు తాగించాక చెప్పాడు.

"ఒరే సూరీ, మీ అప్పకి నిన్న పొద్దున్నే నొప్పులొచ్చీసినాయిరా. బిడ్డ అడ్డం తిరిగిపోనాదంట. మంత్రసాని నావల్ల కాదనేసింది. బేగి బండి సూడరా, నీకు దండం పెడతాను."

షెడ్డులో ఉన్న కారు ఒక్కటే, గురువులు టాక్సీ. ఎప్పటిదో పాత విలాయతీ బండి. దానికి ఇసక ట్యూనింగ్ చేస్తున్నాను. జెట్టు మార్చడం అయింది గానీ నిప్పు సమయం సరిచెయ్యడం సగంలో ఉంది. గురువులు మంచివాడు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "ఎక్కండి మేస్త్రీ" అని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. సైకిల్ని షెడ్డులో పడేసి బావని ఎక్కించుకున్నాం.

బండి దారి పొడుగునా దగ్గుతూనే ఉంది. వజ్రపుకొత్తూరు దాటి ఇసకలో దిగాక రెండుసార్లు ఆగిపోయింది. ఒక్కోసారి ముందు హ్యాండిలు పెట్టి పది పన్నెండు తిప్పులు తిప్పితే గానీ అందుకోలేదు. నా చేతిపనిని నేనే బండబూతులు తిట్టుకున్నాను.

ఊరి మొదట్లో బండి ఆపాం. అక్కణ్ణుంచి ఇంటిదాకా మెత్తటి ఇసక, బండి పోదు. బావా గురువులూ అప్పని నులకమంచం మీద మోసుకురావడానికి పరిగెత్తారు. ఆ సందులో నేను మిగిలిన పని పూర్తిచేద్దామని బానెట్ ఎత్తాను.

ఇక్కడొకటి చెప్పాలి, కారు పని తెలియనివాళ్ళకి. ఇంజనులో నాలుగు సిలిండర్లుంటాయి. నాలుగింటికీ వంతు ప్రకారం నిప్పురవ్వ అందించేది రోటరనే చిన్న ముక్క, బొటనవేలంత ఉంటుంది. పంక్తిలో వడ్డించేవాడిలా చుట్టూ తిరుగుతూ ఎవరి వంతు వాళ్ళకి వేస్తుంది. అది లేకపోతే ఏ సిలిండర్‌కీ ఒక్క రవ్వ కూడా అందదు. బండి, మూలనున్న రుబ్బురోలు, రెండూ ఒకటే.

అది ఉండే డిస్ట్రిబ్యూటర్ డబ్బా మూత తీసి, రోటరు లాగి జేబులో వేసుకుని, దాని కింద నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య ఎడం సరిచేశాను. అంతలో మంచం వచ్చేసింది. అప్ప మొహం చూసేసరికి నాకు ఇంకేమీ కనపడలేదు. పెదాలు తెల్లబడిపోయాయి. మూత నొక్కి, క్లిప్పులు బిగించి, బానెట్ దించాను. దాని గడియ విరిగిపోయి ఎన్నాళ్ళో అయింది. కొబ్బరితాడుతో నా ముడి నేనే వేసి కట్టాను.

వెనక సీట్లో అప్పని పడుకోబెట్టారు. మంత్రసాని ముసలమ్మ కూడా ఎక్కింది. "ఓలమ్మా, తల వాలిపోతంది! తలకింద ఏటైనా ఎట్టండర్రా!" అని అరిచింది. నేను చొక్కా విప్పి చుట్టచుట్టి ఇచ్చాను. బనీనుతో ముందుకెళ్ళి హ్యాండిలు పెట్టాను.

సగం తిప్పుకే ఇంజను అందుకుంది.

అందుకోవడం కాదు, అసలా చప్పుడే వేరు. ఎన్నో బండ్లకి చెవి పెట్టి విన్నాను గానీ అలాంటిది వినలేదు. దగ్గు లేదు, గరగర లేదు. ఇంజను నడుస్తూ ఉండగానే పైన కొబ్బరాకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వినపడింది. గురువులు నావైపు చూసి, "ఏటి సేసినావు మేస్త్రీ?" అన్నాడు. పాయింట్లు కుదిరాయిరా అన్నాను. అంత ఏడుపులోనూ లోపల కాస్త గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

వచ్చేటప్పుడు రెండుసార్లు ఆగిపోయిన ఇసకలో ఒక్క చక్రం కూడా జారలేదు. జీడితోటల మధ్య ఎత్తు ఎక్కుతున్నప్పుడు గేరు మార్చమని గురువుల్ని మోచేత్తో పొడిచాను. అక్కర్లేదన్నట్టు తలూపాడు. బండి అలాగే ఎక్కేసింది. వెనక అప్ప మూలుగు, ముసలమ్మ "ఓర్సుకో తల్లీ, ఓర్సుకో" అనడం, ముందు సీట్లో బావ దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలవడం. ఇవన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి. ఇంజనొక్కటే వినపడీ వినపడనట్టుంది.

పలాసలో రైలుగేటు పడి ఉంది. గూడ్సు వస్తోంది. పెట్రోలు ఆదా కోసం గేటు దగ్గర ఇంజను ఆపెయ్యడం గురువులుకి అలవాటు. తాళం మీదికి చెయ్యి పోనిచ్చాడు. "ఆపావంటే చంపేస్తాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ముందున్న లారీ డ్రైవరు దిగి మా బండి దగ్గరికొచ్చాడు. మాడ్చేసే ఎండ. నేనూ దిగి, నీళ్ళు మరుగుతున్నాయేమోనని చూశాను. రేడియేటర్ చల్లగా ఉంది. లారీ డ్రైవరు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "నడుత్తందేటి ఇది?" అని అడిగాడు. నేనూ చెయ్యి పెట్టాను. నిద్రపోతున్న పసిపాప వీపు మీద చెయ్యేసినట్టుంది, అంత మెల్లగా కదులుతోంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అతను చెయ్యి తీసేసి, వెళ్ళి, తన లారీ పక్కకి తీసి మాకు దారి ఇచ్చాడు.

గేటు లేవగానే కదిలాం. టెక్కలి దాకా ఎక్కడా ఆగలేదు. డాక్టరమ్మ ఆసుపత్రి మెట్ల దగ్గర గురువులు తాళం తిప్పి ఇంజను ఆపాడు. అప్పని లోపలికి తీసుకుపోయారు. తలుపు వేసేశారు.

బావ గోడకి తల కొట్టుకుంటున్నాడు. నాకు అతన్ని తిడదామనిపించింది, కొడదామనిపించింది. తీరా చూస్తే భుజం పట్టుకుని నేనూ ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు అప్ప ఉంది కదా, ఏడవనివ్వలేదు.

గంట దాటాక గురువులు వచ్చాడు. ఎడ్లబండి పోవడానికి అడ్డంగా ఉందని కారు పక్కకి తీద్దామనుకున్నాడట. "మేస్త్రీ, ఎంత తిప్పినా ఉలకదు పలకదు. సచ్చిపోనాది" అన్నాడు. విసుక్కుంటూ వెళ్ళాను. బానెట్‌కి నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. విప్పి, డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను.

లోపల రోటరు లేదు. బోసి ఇరుసు మాత్రం ఉంది.

మొదట గురువుల మీద ఎగిరాను, ఎవడు తీశాడ్రా అని. వాడు తల్లి మీద ఒట్టేశాడు. అప్పుడు నా చెయ్యి దానంతటదే జేబు కోసం గుండె మీదికి పోయింది. బనీను తగిలింది. చొక్కా ఆసుపత్రి లోపల అప్ప దగ్గరుంది.

సరిగ్గా అప్పుడే నర్సమ్మ మెట్ల మీదికొచ్చింది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు" అంది. బావ మెట్ల మీదే సాష్టాంగపడిపోయాడు. నర్సమ్మ నా చొక్కా నాకిచ్చి, రెండో చెయ్యి చాపింది. "ఇదేంటో మీ అక్కగారి పిడికిట్లో ఉందండీ. వేళ్ళు విప్పడానికి మా ఇద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది."

ఆమె అరచేతిలో రోటరుంది.

ముప్పై మైళ్ళకి కాస్త తక్కువ దూరం. అంత దూరం ఆ ముక్క మా అప్ప చేతిలో ఉంది. నొప్పికి ఏదో ఒకటి పట్టుకుందామని తడుముకుంటే చొక్కా జేబులో అదే దొరికిందని ముసలమ్మ చెప్పింది. కారు అక్కుపల్లి ఇసకలో ఉన్నప్పుడే తీసి పట్టుకుందట.

రోటరు పెట్టి హ్యాండిలు తిప్పితే పన్నెండో తిప్పుకి బండి అందుకుంది, మళ్ళీ పాత దగ్గుతోనే. పలాస వచ్చాక నా షెడ్డులో రోటరు తీసేసి ఎన్నిసార్లు తిప్పానో లెక్క లేదు. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. మూత పగిలి రవ్వ అడ్డదారిన పోయిందేమోనని మూత మార్చి చూశాను, తీగలు మార్చి చూశాను. మారు రోటరు ఒకటి ఉందేమోనని గురువులు బండిని చక్రాల దాకా విప్పాను. "ఇక ఒగ్గీ మేస్త్రీ, నా పొట్ట కొట్టకు" అని వాడు గోలపెడితే వదిలాను. అలాంటి నడక ఆ బండికీ మళ్ళీ రాలేదు, నా చేత్తో ఇంకే బండికీ రాలేదు. వంద బండ్లకి ప్రయత్నించి ఉంటాను.

పురిటి స్నానం రోజున అక్కుపల్లి వెళ్ళాను. అప్ప ఒళ్ళో పాపని పెట్టుకుని కూర్చుంది. అప్పటిదాకా రోటరు మాట నేను ఆమెతో అనలేదు. అదేమిటో, ఏం చేస్తుందో ఆమెకి తెలిసే దారి లేదు. దారిలో చేతిలో ఏదో పట్టుకున్నావట కదా అని మాత్రం అడిగాను.

"అవున్రా తమ్ముడా, అదేట్రా అది?" అంది. "నా సేతిలో తిరుగుతానే ఉండీది. సిన్న పిట్టని పట్టుకున్నట్టు ఉండీది. గట్టిగా పడితే ఆగిపోద్దేమోనని బయ్యమేసి, ఒదులుగా పట్టుకున్నాను. అది తిరుగుతన్నంతసేపూ నాను సావనని తెలిసిపోనాదిరా. టెక్కలొచ్చినాక ఆగిపోనాది. అప్పుడు గట్టిగా పట్టీసుకున్నాను, మళ్ళీ తిరుగుద్దేమోనని."

నేను ఆ చెయ్యి అందుకుని చూశాను. రైతు చెయ్యి, కాయలు కాసి గరుగ్గా ఉంది. ఒక మచ్చ లేదు, గీరుకున్న గుర్తు లేదు. ఎవరికీ దణ్ణం పెట్టనని గొప్పలు చెప్పుకునేవాణ్ణి, ఆ అరచేతిని తీసుకుని రెండు కళ్ళకీ అద్దుకున్నాను.

"ఏట్రా ఎర్రోడా, ఎందుకేడుత్తన్నావు?" అంది అప్ప.

చెప్పడం నాకు చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు.