బిజిలీ కూర్చున్న చోటు

బోనాల ఆదివారం. పొద్దున ఆరున్నరకు సికింద్రాబాద్ ఇంకా తలారని మనిషిలా ఉంది. రాత్రి వాన వేపమండల తోరణాల మీద నుంచి ఒక్కో చుక్కగా దిగుతోంది. ఇంకో గంటకు ఈ వీధి నిండా జనం. అంతకుముందే ఆ దారంతా ఒక ముక్కు నడవాలి.

ఆ ముక్కు బిజిలీది. గంధకం, సురేకారం లాంటి పేలుడు మందుల వాసన పట్టే పోలీసు జాగిలం. దాని తాడు పట్టుకున్న చేయి డాగ్ స్క్వాడ్ హెడ్ కానిస్టేబుల్ కల్పలతది. దారిలో పన్నెండు స్వాగత వేదికలు, ఒక్కో వేదికకు ఒక్కో కాగితం. బిజిలీ చుట్టూ తిరిగి ఊరుకుంటే కల్పలత 'క్షేమం' అని రాసి సంతకం పెడుతుంది. ఆ తర్వాత ఆడవాళ్ళు తలమీద కుండ, కుండమీద వెలిగే దీపం పెట్టుకుని ఆ వేదిక ముందు నుంచి నడుస్తారు. తమకన్నా ముందు ఒక కుక్క అక్కడ నడిచిందని వాళ్ళకు తెలియదు. తెలియనక్కర్లేదు కూడా.

కల్పలత మౌలాలి రైల్వే క్వార్టర్లలో పుట్టింది. తండ్రి పర్వతాలు రోజూ భుజాన సుత్తితో పట్టాల వెంట మైళ్ళకొద్దీ నడిచి, వదులైన బిగింపులు బిగించేవాడు. పట్టా పగిలి కనిపిస్తే ఎర్రజెండా పాతి రైలు ఆపేవాడు. "రైల్ల ఎవలున్నరో సూడొద్దు బిడ్డా, పట్టా ఎట్లున్నదో సూడాలె" అనేవాడు. ఆ మాట కూతురి ఉద్యోగానికి మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది వాళ్ళింట్లో ఇంకా తేలలేదు.

మొదట ఆమెను మఫ్టీ బృందంలో వేశారు. మామూలు చీరలో సిటీ బస్సులెక్కి, కాలేజీ ఆడపిల్లల మీదికి జరిగే చేతుల్ని మణికట్టు దగ్గర పట్టుకునేది. తర్వాత నాలుగేళ్ళు బేగంపేటలో ట్రాఫిక్. ఒకరోజు ఓ నల్ల అద్దాల కారు ఆపింది.

"బండి ఎవరిదో తెలుసా?"

"తెల్వదు. సిగ్నల్ ఎర్రగున్నదని తెల్సు."

వారం తిరగకుండా ఆమెను డాగ్ స్క్వాడ్‌కు పంపారు. కుక్కలు కడుక్కుంటుందిలే అని నవ్వుకున్నారు. ఆమె నిజంగానే కడిగింది. నురగలోంచి తననే చూస్తున్న రెండు గోధుమరంగు కళ్ళు దొరికాయి. వాటికి హోదాలు కనబడవు. బదిలీ కాగితం ఇచ్చినవాళ్ళకు మనసులోనే దండం పెట్టుకుంది.

శిక్షణలో ఒక్కటే తప్పు చేసింది. వరసగా పెట్టిన పెట్టెల్లో మందు ఐదోదాంట్లో ఉందని ఆమె అనుకుంది. తెలియకుండానే అక్కడ ఆమె అడుగు ఒక్క క్షణం ఆగింది. బిజిలీ ఆ పెట్టె ముందే కూర్చుంది. పెట్టె ఖాళీ. శిక్షకుడు అమ్మిరాజు అన్నాడు: "అది పెట్టెను కాదమ్మా, నిన్ను వాసన చూసింది. నీ అనుమానం తాడులోంచి దానికి పాకుద్ది. జాగర్త."

ఈ పొద్దున ఏడో వేదిక వెనక, చెక్కల అంచున, బిజిలీ కూర్చుంది. మొరగలేదు. వాసన దొరికితే అది చేసేది అంతే, కూర్చుని కదలకపోవడం.

"ఏందక్కా, నీ కుక్క అలిసిపోయినట్టుంది. జెర చాయ్ తాపు" అని నవ్వాడు వేదిక కమిటీ అధ్యక్షుడు దేవానందం.

"చెక్కలు తీయిండ్రి."

"దిమాక్ ఖరాబైందా? మా లీడర్ పెద్ద సారు వచ్చే టైమాయె. పూలన్నీ కట్టినం."

ఆ వీధి బందోబస్తు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ సత్యదేవ్ గబగబా వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, రెండు రోజులుగా నిద్రలేదు. "ఏమ్మా కల్పలతా, కుక్కలు పొరపాటు పడవా? నువ్వాగితే అదీ ఆగుద్దంట కదా. సంతకం పెట్టేసి ముందుకెళ్ళు."

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. దేవానందాన్ని చూసిన క్షణం నుంచీ ఆమెకు చిరాకుగానే ఉంది. తానే ముందు ఆగిందా? నిజంగా తెలియదు.

ఆమె వంగి తాడు విప్పేసింది.

"సార్, మీరు సూడుండ్రి. నేను సూడను."

వేదికకు వీపు పెట్టి, ఎదుటి దుకాణం మూసిన షట్టర్ వైపు తిరిగి నిలబడింది. బిజిలీని అటు చివరికి తీసుకెళ్ళి వదలమని ఓ కానిస్టేబుల్‌తో చెప్పి, "డూండ్!", వెతుకు అని ఒక్క కేక వేసింది. వెనక ఎవరో ఈల వేశారు. చెక్కల మీద గోళ్ళ చప్పుడు వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. షట్టర్ మీది వానచుక్క ఒకటి కిందికి జారుతూ సగంలో ఆగింది. గోళ్ళ చప్పుడూ ఆగింది.



"కూర్చుందమ్మా" అన్నాడు సత్యదేవ్. గొంతు తగ్గింది.

"ఏడ?"

"అక్కడే."

చెక్కలు లేపారు. నాలుగు గోనె సంచుల నిండా టపాకాయల సరాలు. వాటిని ఆనుకునే జనరేటర్‌కు తెచ్చిన రెండు డీజిల్ డబ్బాలు.

"పటాకులే గదా! పెద్ద సారు రాంగనే కాల్చెతందుకు తెచ్చినం. దీనికింత పరేషానా?" అన్నాడు దేవానందం.

"బోనం మీద దీపముంటది అన్నా. ఒక్క నిప్పురవ్వ సాలు. నీ ఇంటి ఆడోళ్ళు సుత వస్తరు గద ఈ తొవ్వలనే?"

సంచులు, డబ్బాలు వ్యానెక్కి వెళ్ళిపోయాయి. కానీ సంచులు పోయినంత తొందరగా వాసన పోదు. బిజిలీ అక్కడే కూర్చుంది.

"తీసేశారుగా. ఇక క్షేమం అని రాసెయ్యి. పైనుంచి అడిగితే మనకెందుకు తలనొప్పి?" అన్నాడు సత్యదేవ్.

కల్పలత కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుంది. ఏడో వేదిక. ఏడుంబావు. నాలుగు సంచులు, రెండు డబ్బాలు, తీసివేయబడినవి. జాగిలం ఇంకా లేవలేదు. ఒక్కో మాటా నొక్కి రాసింది. 'పెట్టినవారు' అన్న చోట కలం ఆగింది.

"నా పేరు రాస్తవా?" దేవానందం ముఖం ఎర్రబడింది. "రేపటి సంది ఏడ డ్యూటీ చేస్తవో నేను సూస్త!"

"సూడు. గుర్రాల దళంల ఖాళీ ఉన్నదట. నాక్కూడ మస్తు శౌకు." ఆమె తలెత్తలేదు. "ఇంటిపేరేంది?"

అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. సత్యదేవ్ ఖాళీ అయిన చెక్కల కింది చీకటిలోకి చూశాడు, తర్వాత దీపాలు రాబోయే వీధి మలుపు వైపు.

"మామిండ్ల" అన్నాడు నెమ్మదిగా. "మామిండ్ల దేవానందం. రాసుకోమ్మా. కింద నేనూ సంతకం పెడతాను."

ఆమె రాసింది. తాడు తగిలించి మెల్లగా లాగితే బిజిలీ లేచి ఒళ్ళు దులుపుకుంది. దూరంగా మొదటి డప్పు మోగింది. ఇంకా ఐదు వేదికలు ఉన్నాయి.