నాలుగు నల్లటి ప్లగ్గులు

మా పాత పెట్రోల్ పికప్‌ను పత్తి మిల్లు గేటు దగ్గరే ఆపేశారు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే సైలెన్సర్ ఢామ్మని పేలుతోందని, ఒక్క నిప్పురవ్వ పడినా దూది మిగలదని వాచ్‌మన్ వాదన. ఆ వాదనలో తప్పు లేదు. తప్పు మా ఇంటి నిర్ణయంలో ఉంది. మెకానిక్ ఇంజను పని అయిపోయిందన్నాడు. మర్నాడు పొద్దున్నే బండిని పాత ఇనుముకు ఇచ్చేస్తానన్నాడు బాబాయి. నేను డ్రైవింగ్ నేర్చుకున్న బండి అది. పాలిటెక్నిక్‌లో ఇంజన్ల గురించి బోధించే నేను, తనిఖీ లేని తీర్పును అంగీకరించలేదు.

"రేపటిదాకా తాళం నా దగ్గరే ఉంటుంది బాబాయ్."

"మన బండి జబ్బులు నీ పుస్తకాల్లో రాశారా అమ్మాయ్?"

"విప్పితే తెలుస్తుంది. నీ మెకానిక్ బానెట్ అయినా ఎత్తాడా?"

బాబాయి పానాల పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

ఇంజను స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి గోనెపట్టా మీద వరసగా పెట్టాను. నాలుగింటికీ ఒకే మందాన పొడి మసి పట్టి ఉంది. ఒక వాల్వు కాలినా, ఒక వైరు చెడినా ఆ సిలిండర్ ప్లగ్గు ఒక్కటే వేరుగా కనబడాలి. నాలుగూ ఒకేలా నల్లబడ్డాయంటే లోపం ఉమ్మడిది: పెట్రోలైనా ఎక్కువవుతూ ఉండాలి, గాలైనా తక్కువవుతూ ఉండాలి. గాలిని అడ్డే చోక్ మూత సరిగానే తెరుచుకుంది. ఎయిర్ ఫిల్టర్ మూత తీశాను. లోపల ఫిల్టర్ చుట్టూ రెండు మడతల పాత తువ్వాలు, కారం ధూళితో ముద్దకట్టి ఉంది. తుమ్ములు ఆగాక అడిగాను.

"ఇదెవరు కట్టారు?"

"మిర్చి సీజన్లో నేనే కట్టా. యార్డులో మనం ముక్కుకు కట్టుకోమూ? దానికి మాత్రం ఘాటు తగలదా?"

"మనం ఇంటికొచ్చి విప్పేస్తాం బాబాయ్. దీనికి ఎవరూ విప్పలేదు."

గాలి అందక, కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతోంది. పైపు జాయింటు దగ్గర కొత్తగా పడిన సందులోంచి గాలి చొరబడి, అక్కడ అంటుకుంటోంది. సందు చుట్టూ ఉన్న మసి చారే సాక్ష్యం. సాయంత్రంలోగా ఒంగోలు నుంచి కొత్త ఫిల్టర్, పైపు జాయింటు సందు మూసే గాస్కెట్ తెచ్చి బిగించాను.

మర్నాడు ఇనుము కొనేవాడు రాకముందే మిల్లుకు బయలుదేరాను, ఖాళీ బండితో. రుజువు ముందు, పత్తి తరువాత.

"మళ్ళీ తెచ్చారా అమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"ఇక్కడే నిలబడి వినండి."

రోడ్డు మీద మూడుసార్లు వేగం పెంచి, ఒక్కసారిగా కాలు తీశాను. పేలలేదు. మళ్ళీ చూపమని అతను అడగకముందే నాలుగోసారీ తీశాను.

"సరేనమ్మా. మరి లోడేది?"

"అరగంటలో తెస్తాను. గేటు తెరిచే ఉంచండి."