హాఫిజ్‌జీ అడిగిన ఒక్క మాట

మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో చిన్న గుడి ఉంది. సాయంత్రం హారతి వెలిగించగానే కర్పూరం వాసన మెట్ల మీదుగా మా గుమ్మం దాకా వస్తుంది. నా భార్య చేస్తున్న పని ఆపి దండం పెట్టుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసనకు దేవుడు గుర్తుకు రాడు. తడిసిన సిమెంటు గచ్చు, రేగాకులు వేసి కాచిన గోరువెచ్చని నీళ్లు, తెల్లగుడ్డను నిలువునా చింపుతున్న చప్పుడు గుర్తుకొస్తాయి. వాటి మధ్యన, పైజామా పైకి మడిచి, చొక్కా చేతులు మోచేతుల దాకా ఎత్తి, వంగి నిలబడ్డ ఒక సన్నటి ముసలాయన.

డెబ్భైల చివర్లో ఢిల్లీలో ఒక ఇంగ్లిషు దినపత్రికలో నగర విలేఖరిగా చేరాను. మాది నల్గొండ జిల్లా. రోజూ పొద్దున్నే ఒక పెద్ద ఆసుపత్రి శవాగారానికి వెళ్లి ముందురోజు ప్రమాదాల, చావుల వివరాలు రాసుకురావడం నా పని. శవాగారం ముందు వేపచెట్టు కింద బెంచీ మీద ఆయన కూర్చుని ఉండేవారు, ఒళ్లో గుడ్డసంచీతో. అందులో సబ్బు, దూది, రేగాకుల పొట్లం, కర్పూరం. అయినవాళ్లు ఎవరూ రాని ముస్లిం శవాలకు స్నానం చేయించి ఖననం చేయడం ఆయన తనకు తాను పెట్టుకున్న పని. పాతనగరంలో పిల్లలకు అరబ్బీ చెప్పి రిటైరయ్యారు. పదకొండో ఏటికే ఖురాన్ మొత్తం కంఠస్థం చేశారట. అలా చేసినవాళ్లను హాఫిజ్ అంటారు. అందరూ హాఫిజ్‌జీ అనే పిలిచేవారు, నేనూ అంతే.

ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం నా తప్పుతోనే మొదలైంది. ఆ ఏడు మొహర్రం ఊరేగింపు వార్త నాకు పడింది. పాతనగరంలో జనం ఉత్సాహంగా మొహర్రం జరుపుకున్నారని రాశాను. నాకు తెలిసిన మొహర్రం మా ఊరి పీర్ల పండుగ. పీర్లు లేస్తాయి, డప్పులు మోగుతాయి, అలాయి నిప్పుల గుండం చుట్టూ ఊరంతా కులం చూడకుండా ఆడుతుంది. మా అమ్మ బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి, పీరుకు దట్టీ గుడ్డ కట్టి వచ్చేది. మర్నాడు ఆఫీసుకు కోపంతో ఉత్తరాలు వచ్చాయి. హాఫిజ్‌జీ కోపగించుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు.

"బేటా, మీ వీధిలో ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఇంటిల్లిపాదీ ఉత్సాహంగా ఏడ్చారని రాస్తారా?"

తర్వాత కర్బలా సంగతి చెప్పారు. ప్రవక్త మనవడు హుసేన్, ఆయన కుటుంబం, కొద్దిమంది సహచరులు. నది కనిపిస్తూనే ఉన్నా మూడు రోజులు నీళ్లు అందనివ్వలేదు. పదో రోజున అందరినీ చంపేశారు. అదంతా ఆయన నిన్న చూసొచ్చినట్టు, గొంతు పెంచకుండా చెప్పారు. ఆయన సున్నీ, గుండెలు బాదుకునే ఆచారం ఆయనకు లేదు. ఆ రోజున ఉపవాసం మాత్రం ఉంటారు.

"మీ ఊరివాళ్లది తప్పని నేను అనను," అన్నారు చివర్లో. "వాళ్ల ప్రేమ అది. కానీ మీరు మీ ఊరిని వెంట తెచ్చుకుని ఇక్కడ పరిచి చూస్తున్నారు. దాని కింద ఢిల్లీ కనపడకుండా పోతోంది."

నవ్వి ఊరుకున్నాను. మంచి వాక్యం అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. అర్థమైందనే అనుకున్నాను.

ఆ తర్వాతి రెండేళ్లలో ఆయన దగ్గర చాలా నేర్చుకున్నాను. చంద్రుణ్ణి బట్టి నడిచే సంవత్సరం గనుక రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందనీ, ఉన్నవాళ్లు పేదలకిచ్చే జకాత్ దానం కాదు, ఇచ్చి తీరాల్సిన బాధ్యత అనీ. అన్నిటికంటే ఎక్కువగా స్నానం చేయించడం చూస్తూ నేర్చుకున్నాను. నాభి నుంచి మోకాళ్ల దాకా గుడ్డ కప్పి, దాని కిందనే చేయి పెట్టి కడగాలి. కుడివైపు ముందు. బేసి సార్లు. మగవాళ్లకు చుట్టడానికి మూడు గుడ్డలు. నమాజులో నేలకు ఆనే చోట్లన్నిటికీ, నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్లు, పాదాలు, చివర్లో కర్పూరం రాసేవారు. "ఇవి ఇన్నాళ్లూ వంగాయి కదా, వీటికి ఆ మర్యాద ఉండాలి," అనేవారు. శవంతో మాట్లాడుతున్నట్టే చేసేవారు పని. "మియా, కాస్త ఇటు తిరుగుదాం, అచ్ఛా, అయిపోయింది." ఒకసారి ఒక శవం వీపు మీది మచ్చలు చూసి, అవి పోలీసు దెబ్బలేనా అని అడిగాను. ఆయన గుడ్డ పైకి లాగారు.

"కడిగేవాడు చూసింది బయట చెప్పకూడదు. నా పని దాచడం, మీ పని చెప్పడం. మీ పనే కష్టం. నేను పొరబడితే ఒక్క శవానికి ఒక బిందె నీళ్లు ఎక్కువవుతాయి, అంతే."

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం, ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో మంటలు లేచి కాలిన కూలీలను మా ఆసుపత్రికి తెచ్చారు. ఒకడు తెలుగు తప్ప మరేదీ మాట్లాడడం లేదని నాకు కబురొచ్చింది. నేను వెళ్లేసరికే పోయాడు. కేరళ నర్సు ఒకావిడ గుమ్మం దగ్గరే ఆపి చెప్పింది. "ఏదో అడుగుతూనే ఉన్నాడు సార్, తెల్లారినప్పటి నుంచీ. 'అమ్మా' అన్నదొక్కటే నాకు తెలిసింది."

కాంట్రాక్టరు చీటీలో 'సైదులు, ఆంధ్రా, నల్గొండ జిల్లా' అని ఉంది. ఊరి పేరు లేదు. పోలీసులు జిల్లాకు తంతి ఇచ్చారు. కాలిన శరీరం వేరే గుర్తేదీ చెప్పలేదు. నడుముకు మాత్రం వెండి మొలతాడు, దానికి ఒక రాగి తాయెత్తు మిగిలాయి. మూడో రోజు, ఇక ఉంచలేమని శవాగారంవాళ్లు తేల్చేశారు. శ్మశానమా, ఖబరస్తానా అన్నదే మిగిలింది. హవల్దారు చీటీ తిప్పి తిప్పి చూశాడు.

"సైదులు... సయ్యద్ లాగా లేదూ? ముసల్మానేమో, పత్రకార్ సాబ్?"

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. "మా దగ్గర దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టుకుంటారు భయ్యా. నాతో చదువుకున్న సైదులు ముగ్గురు, ముగ్గురూ హిందువులే. పైగా మొలతాడు ఉంది చూడండి."

బెంచీ మీది నుంచి హాఫిజ్‌జీ లేచి వచ్చారు. "అతనివాళ్లను అడిగారా?"

అతనితో పనిచేసే ఇద్దరు తెలుగువాళ్లు ఫరీదాబాద్‌లో రైలు పట్టాల పక్క గుడిసెల్లో ఉంటారని కాంట్రాక్టరు మొదటిరోజే చెప్పాడు. బస్సులో గంటన్నర. మూడు రోజుల్లో నేను వెళ్లలేదు.

"అడిగేదేముంది హాఫిజ్‌జీ, నేను ఆ జిల్లావాణ్నే."

"అది తెలుసు. అడిగారా అంటున్నాను."

"దర్గాలో ఇచ్చే తాయెత్తులు మా వైపు అందరూ కట్టుకుంటారు. నాకు తెలియదా?"

ఆయన సంచీ మూతి తాడు బిగించి వెళ్లి కూర్చున్నారు. హవల్దారు రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే యమున ఒడ్డున దహనం అయిపోయింది.

ఆరో రోజున అతని తమ్ముడు ఖాసిం మా ఆఫీసుకు వచ్చాడు. భాష కుదరక పోలీసు స్టేషన్‌వాళ్లు నా పేరు చెప్పి పంపారట. పాతికేళ్లు ఉండవు. చేతిలో ఒక సంచీ, కళ్లు వాచి ఉన్నాయి.

"సారూ, మా అన్నను ఏడ మట్టిజేసిన్రు? జర సూపియ్యిన్రి. ఫాతెహా సదువుకొని పోతా. మా అమ్మ గోరీ కాడి మట్టి తెమ్మన్నది."

కుర్చీలోంచి లేచాను. "మీరు..."

"దూదేకులోళ్లం సారూ."

దూదేకులవాళ్లు ముస్లింలే. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మొలతాళ్లు కట్టుకుంటారు. ఆ సంగతి మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. శవం ముందు నిలబడినప్పుడు మాత్రం నాకు నా ముగ్గురు సైదులే గుర్తొచ్చారు.

ఖాసింకు ఏమీ చెప్పకుండా హాఫిజ్‌జీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనే మెల్లగా చెబుతారని నా ఆశ. నేను ఉర్దూలో విషయం చెప్పాక ఆయన బెంచీ మీద పక్కకు జరిగి అతనికి చోటిచ్చారు.

"ఈ అబ్బాయికి ఉర్దూ వచ్చా?"

"రాదు."

"అయితే నేను చెప్పినా అతను వినేది మీ నోటినుంచే. మీరే చెప్పండి. నా మాటగా కాదు, మీ మాటగా."

చెప్పాను. అతని అన్న హిందువని చెప్పింది నేనేనని, ఎవర్నీ అడగలేదని, కాల్చేశారని. ఖాసిం అరవలేదు. వేపచెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"ఒకపారి కాలింది సాలలేదా సారూ?" అన్నాడు.

తర్వాత, "మా అమ్మ అడుగుతది. ఎవలు నీళ్లు వోసిన్రు, మొకం ఎటు వెట్టిన్రు అని. ఏం జెప్పాలె? కాలినోణ్ని మల్ల దేవుడు లేపుతడా?"

అది నేను ఉర్దూలో చెప్పగానే హాఫిజ్‌జీ అతని పక్కన కూర్చుని భుజం మీద చేయి వేశారు. ప్రవక్త చెప్పిన ఒక మనిషి సంగతి అతనికి చెప్పమన్నారు నన్ను. ఆ మనిషి తన పాపాలకు భయపడి, చనిపోయాక నన్ను కాల్చి బూడిదను గాలిలో, సముద్రంలో చల్లేయండని కొడుకులకు చెప్పాడు. వాళ్లు చల్లారు. అల్లా భూమినీ సముద్రాన్నీ ఆజ్ఞాపించి ఆ బూడిదనంతా కూడగట్టి అతణ్ని నిలబెట్టాడు, క్షమించాడు. ఒక్కో వాక్యం నేను తెలుగులోకి మార్చి చెప్పాను. చెబుతుంటే నా గుండె బరువు కాస్త దిగినట్టే అయింది. హాఫిజ్‌జీ నా ముఖం చూసి కనిపెట్టారు.

"ఆ కథ అతని కోసం, బేటా. మీ కోసం కాదు."

శ్మశానం కొట్టంలో, ఎవరూ తీసుకెళ్లని కుండల వరుసలో, సైదులు పేరుతో చీటీ కట్టిన కుండ దొరికింది. అది అతనిదేనా అని నేను అడిగితే కాపలావాడు చీటీ వైపు వేలు చూపించాడు. ఖబరస్తాన్‌లో హాఫిజ్‌జీ ఒక చిన్న గొయ్యి తవ్వించి, బూడిదను తెల్లగుడ్డలో పోసి ముడివేశారు. శవాన్ని ముందుంచుకుని చదివే జనాజా నమాజు, శరీరం లేనిదే ఆయన పద్ధతిలో లేదు. చదవలేదు. చేతులెత్తి దువా మాత్రం చేశారు. అలవాటుగా సంచీలోంచి కర్పూరం తీసి వేళ్లకు రాసుకున్నారు. ఆ వేళ్లు ఆ మూట మీద ఆగిపోయాయి. నుదురు ఏది, అరచేయి ఏది. చివరికి వేళ్లను తన కుర్తాకే తుడుచుకున్నారు. అంత నిస్సహాయంగా ఆయనను నేను మరెప్పుడూ చూడలేదు.

మూడు గుప్పిళ్ల మట్టి ఖాసిం వేశాడు, ఆయన వేశారు. "మీరూ వేయండి," అన్నారు నాతో. నేను వేస్తుంటే ఖాసిం ముఖం తిప్పుకున్నాడు. తల్లి కోసం కాస్త మట్టి రుమాలులో కట్టుకున్నాడు. స్టేషన్‌లో ఇచ్చిన కవరు తెరిచి, మొలతాడు తీసి జేబులో వేసుకున్నాడు. తాయెత్తు నా చేతిలో పెట్టాడు.

"ఇది మీ తాననే ఉండనియ్యిన్రి సారూ. దీన్ని జూసి గూడ ఎవల్నీ అడగకపోతిరి."

అతను వెళ్లిపోయాక, దీన్ని ఆ రోజే తెరిచి చూడాల్సింది అన్నాను. హాఫిజ్‌జీ తల అడ్డంగా ఆడించారు. "తెరిచినా ఏం తేలుతుంది? మీవాళ్లూ దర్గాలో ఇచ్చిందే కట్టుకుంటారని మీరే అన్నారు. రాగిని కాదు బేటా, మనుషుల్ని అడగాల్సింది."

ఆ తర్వాత ఆయన నాతో మాటలు తగ్గించలేదు, పాఠాలు మానలేదు. ఆయన పోయింది మాత్రం నేను వేరే ఊళ్లో ఎన్నికల వార్తల మీద ఉన్నప్పుడు. తిరిగొచ్చి అడిగితే ఖబరస్తాన్ కాపలాదారు ఒక మట్టిదిబ్బ చూపించాడు, రాయి లేదు. ఆయన శిష్యుడే స్నానం చేయించాడట, ఐదుసార్లు నీళ్లు పోశాడట. అడిగి తెలుసుకున్నాను.

తర్వాత పాతికేళ్లు డెస్కు మీద పనిచేశాను. కుర్రవాళ్లు చనిపోయినవాళ్ల వార్త తెచ్చినప్పుడల్లా, వాళ్లవాళ్లను అడిగారా అనే అడిగేవాణ్ని. నా వెనక ఆ మాటను నా గొంతుతో అనుకరించి నవ్వుకునేవారు. నవ్వనిచ్చాను. రిటైరయ్యాక ఫరీదాబాద్‌లోనే ఇల్లు తీసుకున్నాం. ఆ రోజుల్లో గంటన్నర పట్టిన దారిని ఇప్పుడు మెట్రో గబగబా దాటిస్తుంది. కిటికీలోంచి రైలు పట్టాలు కనిపించినప్పుడు ఆ గుడిసెలు ఎక్కడ ఉండేవో వెతుకుతాను. తాయెత్తు నా బల్ల సొరుగులో ఉంది. నల్లబడిన మూత ఇంకా బిగిసే ఉంది, నేను తీయలేదు. సైదులు ఆ పొద్దున తెలుగులో ఏం అడిగాడో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.