చెంబులో దస్తీ

మట్టెవాడలోని మా ఇంట్లో ఫ్యాన్ తిరగాలన్నా, చాయలో రెండో చెంచా చక్కెర పడాలన్నా నన్ను అడగాల్సిన కాలం ఒకటుండేది. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. అప్పటికి నాకు అరవై నిండాయి (ఇవాళ్టి మోకాళ్లతో చూస్తే పడుచుదాన్నే). చదువు మూడో తరగతితో ఆగిపోయినా, మా కిరాణా దుకాణం లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరు. అందుకని ఇల్లు నడపడమూ దుకాణం నడపడమూ ఒకటే అనుకునేదాన్ని.

అలాంటి ఇంటికి జర్మనీ నుంచి ఒక పిల్ల వచ్చి దిగింది. చదువులో భాగంగా కొన్ని నెలలు వేరే దేశంలో పనిచేయాలట. ఆ పని ఏమిటంటే, పిల్లలకు ఓటంటే ఏమిటో, నలుగురిలో లేచి ఎలా మాట్లాడాలో నేర్పడం. మా మనవరాలి కాలేజీ మేడమ్ ఆమెను మా ఇంట్లో ఉంచింది. ఎండకు తల మీద ఎప్పుడూ తడి దస్తీ (చేతిరుమాలు) వేసుకుని తిరిగేది కాబట్టి మా వాడలో అందరికీ ఆమె దస్తీ పిల్ల. "ఓటెయ్యడం నేర్పనీకి గంత దూరంకెల్లి రావాల్నా? ఇన్నేండ్లు మేం వేలికి సిరా ఊకెనే పెట్టుకున్నమా?" అన్నాను మొదటి రోజే. మనవరాలు దాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చిందో గానీ, ఆ పిల్ల సంతోషంగా నా కాళ్లకు మొక్కింది.

క్లాసు మా మెట్ల మీద జరిగేది. వానలు మొదలయ్యేసరికి మెట్లు తడిసిపోయాయి. పైన ఉన్న ఒకే ఒక్క అర్రలో, ధర పెరిగేదాకా అని నేను దాచిన మిరపకాయల బస్తాలున్నాయి. దస్తీ పిల్ల ఆ అర్ర అడిగింది. లేదన్నాను. జాగా దొరక్కపోతే పిల్లనూ క్లాసునూ హైదరాబాదుకు మార్చాల్సి వస్తుందని మేడమ్ వచ్చి చెప్పింది. మార్చుకోమన్నాను.

ఆ సాయంత్రం వాన తెరిపిచ్చి మెట్ల మీద క్లాసు జరుగుతోంది. మెట్ల కింద కూర్చుని ఉల్లిగడ్డలు ఏరుతుంటే పైనుంచి మా మనవరాలి గొంతు వినపడింది. (నా ముందు తలెత్తి నీళ్లు కూడా అడగని పిల్ల.) "మా బాపమ్మ ఒక్కతే ఫైసలా చేస్తే అది ఇల్లు గాదు, దుకాణం. అర్ర సంగతి మా ఇంట్ల ఓటుకు పెట్టాలె" అంటోంది. నాకు ఒళ్లు మండింది. మండుతూనే ఇంకొకటి గమనించాను. బేరంలో ఎదుటివాణ్ని కదలనివ్వని నా గొంతే అది, అచ్చం.

"పెట్టుండ్రి" అని కిందనుంచే అరిచాను. ఓడిపోతానన్న ఫికర్ నాకు లేదు. ఉన్నవి ఐదు ఓట్లు: మా ముసలాయన, కొడుకు, కోడలు, మనవరాలు, నేను. మనవరాలిని పక్కన పెడితే మిగతా ముగ్గురూ నా ఎదుట తుమ్మాలన్నా ఆలోచించేవారు.

దస్తీ పిల్ల కాగితాలు కత్తిరించబోతే దండగ అని ఆపాను. చింతగింజ వేస్తే క్లాసుకు, ఎండు మిరపకాయ వేస్తే బస్తాలకు. వంటింట్లో ఇత్తడి చెంబు పెట్టాం. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వేసి రావాలి. (నా తెలివి చూడండి. గింజ పడితే చెంబు టంగుమంటుంది, మిరపకాయకు చప్పుడుండదు. నేను తలుపు పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను.) ముసలాయన వెళ్లాడు. చప్పుడు లేదు. కొడుకూ కోడలూ వెళ్లారు. లేదు. ఆఖరికి మనవరాలు వెళ్లినా లేదు. పిల్ల దారికొచ్చిందనుకున్నాను. చివర నేను లోపలికి వెళ్లి, నా ఓటు వేసి, కాస్త ముఖం ముడుచుకుని బయటికొచ్చాను.

దస్తీ పిల్ల చెంబులో చెయ్యి పెట్టింది. మొదటిది చింతగింజ. "ఇది నీదేనే" అన్నాను మనవరాలితో. రెండోదీ గింజే. "నా ఇంట్ల నా ఉప్పు తినుకుంట" అని కోడలివైపు చూశాను. మూడోది. "పెండ్లాం ఎటు చూపిస్తే అటు పోతవారా" అని కొడుకును. నాలుగోది. ముసలాయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. "నువ్వు గూడనా? ఇన్నేండ్లు వండిపెట్టిన చేతికి ఇదా నువ్విచ్చేది? ఒక్కరికన్న ఇమానం లేదు ఈ ఇంట్ల."

ఐదోది తీసింది. అదీ చింతగింజే.

దస్తీ పిల్ల చెంబు అడుగునుంచి మడతపెట్టిన తన దస్తీ బయటికి తీసి దులిపింది. ఒక్క మిరపకాయ కూడా రాలలేదు. ముసలాయన నెమ్మదిగా కళ్లద్దాలు పెట్టుకుని అన్నాడు: "ఇగ ఆ తిట్లల్ల నీ వాటా ఎంతనే?"

నా ముందు కోడలు పడీపడీ నవ్వడం అదే మొదటిసారి. మిరపకాయల బస్తాలు నా మంచం కిందికి వచ్చాయి. అర్ర ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోలేదు. ఆ వానాకాలమంతా పైన ఎవరు లేచి మాట్లాడినా ముందు నాలుగు తుమ్ములు, తర్వాతే ఉపన్యాసం.

నేనేం వేశానని నన్నడగకండి. ఓటు రహస్యమని ఆ పిల్లే నేర్పింది. ఎలాగూ బస్తాలే గెలుస్తాయి కదా, మనవరాలి మాటకు చెంబులో ఒక్క గింజైనా ఉండాలని ఎవరైనా అనుకుని, టంగుమనకుండా మెల్లగా జారవిడిచి ఉంటే అది వాళ్ల ఇష్టం.

దస్తీ పిల్ల వెళ్తూ ఆ దస్తీ నాకిచ్చింది. మంచి బట్ట, పారేస్తే దండగ. పెట్టెలో ఉంది. మొన్న ఓటు వేయడానికి వెళ్తే, మీట నొక్కగానే మిషను పీ అని మోగింది. దీనికెవరూ దస్తీ వేయలేదే అని ఉలిక్కిపడ్డాను. వంటింటి తలుపు పక్కన పీట మీద చెవులు రిక్కించుకు కూర్చున్న ఆ అరవై ఏళ్ల పడుచుది కళ్ల ముందు మెదిలింది. సిరా వేలితో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వస్తుంటే, ఎందుకు నవ్వుతున్నావని మనవరాలు అడిగింది. ఓటు రహస్యమన్నాను.